కోసి తీసేశాక కూడా మళ్ళీ ఎందుకొస్తుంది?

"గడ్డంతా తీసేశామన్నారు కదండీ, మరి మళ్ళీ ఎలా వచ్చిందంటారు?"

లివర్ కేన్సరుకి ఆపరేషన్ అయిన వాళ్ళ ఇళ్ళల్లో రెండు మూడేళ్ళ తరవాత తరచు వినబడే ప్రశ్న ఇది. మా కోనసీమలో దీనికి మూడు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. డాక్టరు సరిగ్గా తియ్యలేదు అన్నది మొదటిది. కత్తి తగిలితే కేన్సరు రేగుతుంది, అసలు ముట్టుకోకుండా ఉండాల్సింది అన్నది రెండోది. పత్యం చెయ్యలేదు అన్నది మూడోది. మొదటి జవాబు డాక్టర్ని బోనులో నిలబెడుతుంది, మూడోది రోగి భార్యని. రెండోది మాత్రం ఊళ్ళో మిగతావాళ్ళు ఆస్పత్రి గుమ్మం తొక్కకుండా చేస్తుంది. నన్నడిగితే మూడింట్లోకీ ప్రమాదకరమైంది అదే.

నేను డాక్టర్ని కాను. పగలంతా కోడు రాసుకుని, అందులో తప్పులు వెతుక్కుని బతికేవాణ్ణి. ఒక బగ్‌ని సరిచేసి, టెస్టు చేసి పంపించాక కొన్నాళ్ళకి అలాంటిదే మళ్ళీ కనబడితే మేం మొదట వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఇది పాతదే తిరిగొచ్చిందా, లేక అలాంటిదే ఇంకోటి కొత్తగా పుట్టిందా? రెండూ పైకి ఒకేలా కనబడతాయి గానీ కారణాలు వేరు, సరిచేసే పద్ధతులూ వేరు. లివర్ కేన్సరు విషయంలో వైద్యులు ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి దగ్గర దగ్గర వందేళ్ళు పట్టింది. ఆ కథే ఈ టపా.

ముందే ఒక మాట. పెద్దపేగులోనో ఇంకెక్కడో మొదలై కాలేయానికి పాకిన కేన్సరు గురించి కాదు నేను చెప్పేది. కాలేయం కణాల్లోనే పుట్టే కేన్సరు గురించి. మన దేశంలో రెండూ ఉన్నాయి, రెంటినీ జనం లివర్ కేన్సరనే అంటారు.

ఇదంతా నేనెందుకు చదివానో కూడా చెప్పాలి. రాజోలు దగ్గర ఒక లంక ఊళ్ళో మా పెద్ద మావయ్య ఉండేవాడు. కొబ్బరి వ్యాపారం. జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఐనా లివర్ కేన్సరనగానే ఊరంతా ఒక్క మాటే అంది, "చాటుగా తాగేవాడేమోనండీ" అని. మన తెలుగువాళ్ళకి లివరు అనగానే సారా గుర్తొస్తుంది మరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం, 1995 జనవరిలో వచ్చిన మద్య నిషేధం, అప్పటి గోడల మీది రాతలు, ఇవన్నీ "లివర్ పోవడం అంటే తాగి పోవడం" అన్న లెక్కని బలంగా నాటాయి. ఉద్యమం చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది సగం నిజం. మిగతా సగం తెలియకే మావయ్య కేన్సరుతో పాటు ఒక నింద కూడా మోశాడు.

కుడివైపు నాలుగు సెంటీమీటర్ల గడ్డ. నగరంలో ఒక పెద్దాస్పత్రిలో తీసేశారు. అంచుల్లో కేన్సరు కణాలు లేవని బయాప్సీ రిపోర్టు. రెండున్నరేళ్ళ తరవాత రెండు సెంటీమీటర్లది ఇంకోటి కనబడింది, ఈసారి ఎడమవైపు. బంధువులు మొదటి జవాబే పట్టుకున్నారు, సరిగ్గా తియ్యలేదని. కానీ కుడివైపు సరిగ్గా తియ్యకపోతే కుడివైపు కదా రావాలి? ఈ ప్రశ్నే నన్ను పాత ఫైలు తిరగేయించింది. మొదటి ఆపరేషన్ ముందు చేసిన రక్తపరీక్షల్లో నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్ పాజిటివ్ అని. ఆ ఆస్పత్రిలో ఆ లైను మాకు ఎవరూ చదివి వినిపించలేదు. పేరెందుకు లెండి.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం.

కాలేయం అంటే సర్జన్లకి చాలాకాలం భయం. నిమిషానికి లీటరున్నర దాకా రక్తం అందులోంచి పోతుంది. అందులో ముప్పావు వంతు గుండె నుంచి నేరుగా వచ్చేది కాదు, పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వచ్చేది. కుట్టు వేస్తే తడిసిన బెల్లంలో వేసినట్టు తెగిపోతుంది. 1888లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జను ముందే అనుకుని చేసిన ఆపరేషన్లో కాలేయం ముక్కని తీసి, మనిషిని బతికించాడు. దీన్నే మొదటిదిగా చెబుతారు. పిత్తాశయాన్ని మొదట తీసింది కూడా (1882) ఈయనే. కాలేయం ఆపరేషన్ తరవాత రక్తం ఆగక మళ్ళీ పొట్ట తెరవాల్సొచ్చింది. 1908లో గ్లాస్గోలో హోగార్త్ ప్రింగిల్ ఒక చిట్కా రాశాడు. కాలేయానికి రక్తం తెచ్చే గొట్టాలన్నీ ఒకే కట్టగా లోపలికి పోతాయి, ఆ కట్టని కాసేపు నొక్కిపెడితే రక్తం ఆగుతుందని. ఈయన రోగులు చాలావరకు బతకలేదు గానీ చిట్కా బతికింది. ఇప్పటికీ వాడుతున్నారు.

తరవాతి అడుగు నాకు అన్నిటికంటే నచ్చినది. పైనించి చూస్తే కాలేయం ఒకటే ముద్ద. లోపల అలా కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలి, వశిష్ఠలోంచి వైనతేయ చీలి, వాటి మధ్యన లంకలు ఎలా ఏర్పడ్డాయో, అచ్చం అలాగే పోర్టల్ సిర లోపలికి రాగానే రెండుగా, ఆ రెండు మళ్ళీ పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ ఒక్కో లంకని తడుపుతుంది. హనోయిలో టోన్ థట్ తుంగ్ అనే వియత్నాం వైద్యుడు 1930ల్లో శవాల కాలేయాల్ని ఓపిగ్గా విప్పి ఈ పాయల పటం గీశాడు. ఫ్రాన్సులో క్లాడ్ కునో 1957లో దాన్ని ఎనిమిది విభాగాలుగా లెక్క తేల్చాడు. ఇవాళ ఏ స్కానింగు రిపోర్టు చూసినా "సెగ్మెంట్ ఆరు", "సెగ్మెంట్ ఎనిమిది" అని కనబడేది కునో నంబర్లే. ఒక పాయని కట్టేస్తే దాని లంక ఒక్కటే ఎండుతుంది, పక్కవాటికి నీళ్ళు ఆగవు. కాబట్టి లంక లంకగా తియ్యొచ్చు.

తీసింది మళ్ళీ పెరగడం కూడా కాలేయానికే ఉన్న వరం. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు ఎలుకల్లో మూడింట రెండొంతులు తీసేస్తే కొద్ది వారాల్లోనే పాత బరువుకి వచ్చేసిందని చూపించారు. గ్రీకు కథలో గద్ద రోజూ పొడుచుకు తినే ప్రొమీథియస్ కాలేయం రాత్రికి రాత్రి పెరిగేది కదా, ఎవరు చూసి రాశారో గానీ పూర్తిగా కట్టుకథ కాదన్నమాట. ఐతే లివరు గట్టిపడి, సిరోసిస్ వచ్చిన వాళ్ళలో ఈ వరం సగం పనిచెయ్యదు. లివర్ కేన్సరు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి అప్పటికే సిరోసిస్ ఉంటుంది. సర్జను చేతులు కట్టేసేది ఇదే. చుట్టూ ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువ తీద్దామంటే మిగిలిన లివరు ఆ మనిషిని మొయ్యలేదు.

1970ల దాకా పెద్ద కాలేయ ఆపరేషన్ అయినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరు ఆస్పత్రిలోనే పోయేవాళ్ళు. అందుకే మన ప్రశ్న అప్పట్లో ఎవరికీ పెద్దగా తట్టలేదు. మనిషి బతికితే కదా జబ్బు తిరిగొచ్చేది! 1980ల్లో అల్ట్రాసౌండు ఆపరేషన్ బల్ల దగ్గరికి వచ్చింది. జపానులో మకూచి అనే సర్జను కేన్సరు గడ్డ ఏ పాయ మీద ఉందో అల్ట్రాసౌండుతో చూసి, ఆ పాయలో రంగు ఎక్కించి, రంగు పాకిన మేర లంక మొత్తం తీసే పద్ధతి తెచ్చాడు. రక్తం పోవడం తగ్గింది, ఆపరేషన్ చావులు బాగా తగ్గాయి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆపరేషన్ నెగ్గుతోంది, ఐదేళ్ళు తిరిగేసరికి నూటికి డెబ్భై మంది దాకా మళ్ళీ గడ్డ వస్తోంది. అంచుల్లో కణాలు లేవని రిపోర్టున్న వాళ్ళకి కూడా.

మకూచి రంగు ఎందుకు ఎక్కించాడో చెబితే మొదటి కారణం అర్థమవుతుంది. ఈ కేన్సరుకి పోర్టల్ సిర పాయల్లోకి చొరబడే గుణం ఉంది. వరదనీళ్ళల్లో గుర్రపుడెక్క ముక్క కొట్టుకొచ్చి కింది కాలవలో తట్టుకుని అక్కడ మళ్ళీ పెరగదూ? అలాగే కణాలు పాయ వెంట పోయి లివరులోనే ఇంకోచోట దిగుతాయి. మైక్రోస్కోపు కింద తప్ప కనబడవు, స్కానింగుకి అందవు. గడ్డ పెద్దదైనా, ఒకటి కంటే ఎక్కువున్నా, రక్తనాళాల్లో కణాలు కనబడ్డా ఈ అవకాశం ఎక్కువ. ఆపరేషన్ రోజుకే విత్తనం పడిపోయి ఉంటుంది కాబట్టి ఇది త్వరగా, ఎక్కువగా మొదటి రెండేళ్ళలోపు బయటపడుతుంది.

రెండో కారణం వేరు. విత్తనం కాదు, నేలే చెడిపోయి ఉండటం. పాతికేళ్ళో ముప్ఫయ్యేళ్ళో వాచి, చచ్చి, మళ్ళీ పుట్టి, మచ్చలు కట్టిన లివరులో ప్రతి మూలా కేన్సరుకి సగం దారి నడిచిన కణాలుంటాయి. ఒకచోట ఒకటి ముందు గమ్యం చేరింది, దాన్ని కోసేశారు. మిగతావి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నోటి కేన్సర్లలో ఇలాంటిది 1953లోనే స్లాటర్ అనే ఆయన బృందం గమనించి "పొలమంతా కేన్సరు బాట పట్టడం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. లివరుకి ఆ మాట ఇంకా బాగా అతుకుతుంది. ఈ రెండో రకం నింపాదిగా, రెండేళ్ళు దాటాక వస్తుంది, ఎక్కడైనా రావొచ్చు. 2003లో టోక్యో నుంచి ఇమామురా బృందం ఆపరేషన్ అయినవాళ్ళ లెక్కలు తీసి, త్వరగా వచ్చేదానికీ ఆలస్యంగా వచ్చేదానికీ కారణాలు వేరువేరని చూపించారు. మొదటిదాన్ని గడ్డ తీరు నిర్ణయిస్తుంది, రెండోదాన్ని మిగిలిన లివరు స్థితి.

ఇదంతా ఊహేనా, రుజువుందా అంటారేమో. ఉంది, చాలా తెలివైన రుజువు. హెపటైటిస్ బి వైరస్ తన డీఎన్‌ఏ ముక్కల్ని మన కణం డీఎన్‌ఏలో ఎక్కడ పడితే అక్కడ దూర్చేస్తుంది. ఆ కణం నుంచి పుట్టిన పిల్లకణాలన్నిట్లో ఆ ముక్క అదే చోట ఉంటుంది. మొదటి గడ్డలోనూ రెండో గడ్డలోనూ ముక్క ఒకే చోట ఉంటే రెండోది మొదటిదాని పిల్ల. వేరు చోట్ల ఉంటే కొత్తగా పుట్టింది. వైరస్ తన సంతకం తనే పెట్టి పోయిందన్నమాట. ఇలా చూస్తే తిరిగొచ్చినవాటిలో కొన్ని పాతవాటి పిల్లలు, కొన్ని పూర్తిగా కొత్తవి అని తేలింది.

మావయ్యది రెండున్నరేళ్ళకి, రెండో పక్కన వచ్చింది. గడ్డని అంత లోతుగా పరీక్ష చెయ్యలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేం గానీ, రెండోసారి చూసిన డాక్టరు మాత్రం ఇది కొత్తదే అయ్యుండాలన్నాడు. మా అత్తయ్య ఆ ఒక్క మాట కోసం ఆయనకి దణ్ణం పెట్టింది. అప్పటిదాకా ఆవిడ పెట్టిన ఆవకాయ వల్లే తిరగబెట్టిందని ఆడపడుచులు అంటూండేవాళ్ళు.

మరి ఆ కత్తి జవాబు సంగతి? దాన్ని ఊరికే కొట్టిపారెయ్యను. గడ్డని గట్టిగా కదిపితే కణాలు రక్తంలోకి రాలొచ్చనే అనుమానం సర్జన్లకీ ఉంది, అందుకే ముందు పాయని కట్టేసి ఆ తరవాతే గడ్డ జోలికి పోవడం లాంటి పద్ధతులు వచ్చాయి. కోశాక లివరు పెరగడానికి శరీరం విడుదల చేసే సంకేతాలు నక్కి ఉన్న కేన్సరు కణాల్ని కూడా లేపొచ్చని జంతువుల మీద ప్రయోగాల్లో కనబడింది. ఐతే కొయ్యకపోతే ఏమవుతుందన్నది అవతలి తక్కెడ. తొలిదశలో ఆపరేషన్ అయినవాళ్ళలో సగానికి పైగా ఐదేళ్ళు దాటుతున్నారు. అదే దశలో ఊరుకుంటే గడ్డ ఊరుకోదు.

నేల చెడింది కదా, నేలనే మార్చేస్తే? ఈ ఆలోచనే కాలేయ మార్పిడి. 1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మొదటిసారి చేశాడు. ఆ పిల్లాడు బల్ల మీదే పోయాడు. 1967కి గానీ ఒకరు ఏడాది దాటి బతకలేదు. తరవాత మార్పిడి నిలదొక్కుకున్నాక కూడా, పెద్ద పెద్ద గడ్డలున్నవాళ్ళకి చేస్తే కేన్సరు కొత్త లివరులోకి వచ్చేసేది, ఎందుకంటే కణాలు అప్పటికే ఒంట్లో తిరుగుతున్నాయి. 1996లో మిలాన్ నుంచి మజ్జాఫెరో ఒక గీత గీశాడు. ఒకటే గడ్డైతే ఐదు సెంటీమీటర్లు మించకూడదు, మూడు దాకా ఉంటే ఒక్కోటి మూడు సెంటీమీటర్లు మించకూడదు, రక్తనాళాల్లోకి పోయుండకూడదు. ఇలా ఏరి మార్పిడి చేసిన 48 మందిలో నాలుగేళ్ళ తరవాత నూటికి 75 మంది బతికున్నారు. చూశారా, విత్తనం పడని రోగుల్ని ఏరి, నేల మార్చాడు. రెండు కారణాల్నీ ఒకేసారి పట్టిన ఆలోచన అది.

మావయ్య ఆ గీత లోపలే ఉన్నాడు. డబ్బు సంగతి తరవాత, అసలు ఇచ్చేవాళ్ళు కావాలి. ఇద్దరు తమ్ముళ్ళు మేమిస్తామని ముందుకొచ్చారు. పరీక్ష చేస్తే ఇద్దరూ హెపటైటిస్ బి పాజిటివే. అన్నకి లివరు ఇద్దామని వచ్చినవాళ్ళు తమకీ ఆ నేలే ఉందని తెలుసుకుని వెళ్ళారు. చివరికి ఎడమవైపు చిన్న గడ్డ కాబట్టి సూది గుచ్చి రేడియో తరంగాల వేడితో కాల్చేశారు. ఆ తరవాత ఇంకో ఆరేళ్ళు కొబ్బరి వ్యాపారం చేశాడాయన.

అన్నదమ్ములు ముగ్గురికీ ఎలా వచ్చింది? దానికి వైరస్ కథ చెప్పుకోవాలి. 1960ల్లో అమెరికాలో బరూచ్ బ్లంబర్గ్ అనే ఆయన ప్రపంచం నలుమూలల రక్త నమూనాలు పోగేసి పోల్చేవాడు. జబ్బు వెతకడానికి కాదు, మనుషుల్లో తేడాలు చూడ్డానికి. ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కనబడ్డ ఒక కొత్త పదార్థానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టాడు. అది హెపటైటిస్ బి వైరస్ పైతొడుగని తరవాత తేలింది. 1976లో నోబెల్ ఇచ్చారు. ఆయన పుట్టినరోజు జులై 28నే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. ఐతే వైరస్ ఉంటే కేన్సరు వస్తుందని గట్టిగా రుజువు చేసింది తైవాన్‌లో పామర్ బీస్లీ. 22,707 మంది మగ ఉద్యోగుల్ని ఏళ్ళ తరబడి గమనించి 1981లో ప్రకటించాడు. వాళ్ళలో లివర్ కేన్సరు వచ్చింది 41 మందికైతే, 40 మంది హెపటైటిస్ బి ఉన్నవాళ్ళే. లేనివాళ్ళతో పోలిస్తే ముప్పు 223 రెట్లు. పొగతాగితే ఊపిరితిత్తుల కేన్సరొచ్చే లెక్క కూడా దీని ముందు చిన్నదే.

పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి 95 మందిలో అదే పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి 90 మందిలో జీవితాంతం ఉండిపోతుంది. మా అమ్మమ్మకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఒక సూదిని నీళ్ళల్లో తిప్పి వీధంతా పొడిచిన రోజులవి. నా చిన్నప్పుడు కూడా ఆరెంపీ డాక్టరు స్టీలు డబ్బాలో గాజు సిరంజి ఒకటే ఉండేది, ఎంతసేపు మరిగించేవాడో ఆయన ఇష్టం. ఆ కాలం పోయిందనుకోకండి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్ బి చెలరేగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు.

కోనసీమ జనానికి జబ్బుల గురించి తెలియక కాదు. ఫైలేరియా అంటే దోమ అని ముసలమ్మలకి కూడా తెలుసు. రాత్రిపూట వచ్చి రక్తం తీసుకుపోయేవాళ్ళని, బోదకాలు బిళ్ళల్ని ఎరగని ఇల్లు లేదు. (ఆ బిళ్ళ, హెట్రజాన్, వశిష్ఠకి అవతల భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలోదే. రక్త కేన్సరుకి తొలి మందుల్లో కూడా ఆయన చెయ్యి ఉంది. మనవాళ్ళకి ఆయన పేరు ఇంకా తెలియాల్సినంత తెలియదు, అది వేరే టపా.) బోదకాలు కంటికి కనబడుతుంది. హెపటైటిస్ బి ముప్ఫయ్యేళ్ళు ఏ బాధా పెట్టకుండా కూర్చుంటుంది. మనకి లివరు జబ్బంటే కామెర్లు, కామెర్లంటే నేలఉసిరి పసరు.

ఆ నేలఉసిరికీ ఒక చరిత్ర ఉంది. సాక్షాత్తూ బ్లంబర్గే దాని మీద పనిచేశాడు. మద్రాసులో త్యాగరాజన్ బృందంతో కలిసి 1988లో లాన్సెట్‌లో ఒక వ్యాసం వేశారు. నేలఉసిరి పొడి వాడిన 37 మందిలో 22 మందికి వైరస్ యాంటిజెన్ పోయింది, ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే పోయింది అని. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తరవాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. మన చెట్టు గెలిస్తే బావుండేదని నాకూ ఉంది. గెలవలేదు. ఇప్పటికీ దాన్ని నమ్ముకుని పరీక్షలు మానేసేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఇక్కడ కోనసీమకే ప్రత్యేకమైన విషయం ఒకటి. మా అమలాపురం, రాజోలు ప్రాంతాల నుంచి దుబాయ్, కువైట్, ఖతార్ వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి, మగవాళ్ళు అన్ని పనులకీ. వెళ్ళేముందు గల్ఫ్ దేశాలవాళ్ళు పెట్టిన మెడికల్ టెస్టు ఉంటుంది. అందులో హెపటైటిస్ బి ఒకటి. పాజిటివ్ వస్తే "అన్‌ఫిట్". ఏజెంటుకి కట్టిన డబ్బు పోయిందని ఏడుపు, కొన్నాళ్ళకి ఇంకో దారి వెతుక్కోవడం, అంతే. నీకు లివర్ కేన్సరు వచ్చే ముప్పుంది, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకో, మీ ఆవిడకీ పిల్లలకీ టీకా వేయించు అని చెప్పినవాడు లేడు. మావయ్య చిన్న తమ్ముడు అలా అన్‌ఫిట్ అయినవాడే! పదిహేనేళ్ళ ముందే కాగితం మీద పాజిటివ్ అని ఉంది. ఆ కాగితాన్ని వీసా కాగితంగా తప్ప ఆరోగ్యం కాగితంగా ఇంట్లో ఎవరూ చూడలేదు.

టీకా దగ్గర కూడా గల్ఫ్ ఉందంటే ఆశ్చర్యపోతారు. 1990ల్లో మన దేశంలో హెపటైటిస్ బి టీకా అంటే విదేశాలనించి రావాల్సిందే, డోసు వందల రూపాయలు, మూడు డోసులు. నెల్లూరు జిల్లాకి చెందిన వరప్రసాద్ రెడ్డి వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రంతో సంబంధం లేని మనిషి. 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టాడు. శాంత అన్నది వాళ్ళమ్మగారి పేరు. ఇక్కడ బ్యాంకులు నమ్మలేదు, ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టాడు. ఉస్మానియా యూనివర్సిటీలో, తరవాత సీసీఎంబీలో చోటు తీసుకుని పనిచేశారు. ఈస్టు కణాల చేత వైరస్ పైతొడుగు మాత్రం తయారుచేయించి, 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి విడుదల చేశారు. ధర ఒక్కసారిగా యాభై రూపాయల స్థాయికి పడింది. 2009లో ఆ కంపెనీ ఫ్రాన్సు సనోఫీ చేతికి పోయింది, దాని మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళవి. నా అభిప్రాయం ఏమిటంటే, తెలుగునేల మీద కేన్సరుకి వ్యతిరేకంగా జరిగిన అతిపెద్ద పని ఏ కేన్సరు ఆస్పత్రిలోనూ జరగలేదు, ఆ ఫ్యాక్టరీలో జరిగింది.

తైవాన్ 1984లోనే పిల్లలకి టీకా మొదలుపెట్టింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో లివర్ కేన్సరు అంతకుముందు లక్షకి 0.70 ఉంటే, 1990-94 నాటికి 0.36కి పడిందని 1997లో లెక్క తేల్చారు. మన దేశంలో 2002-03లో ప్రయోగాత్మకంగా, 2007-08లో మన రాష్ట్రంతో కలిపి పది రాష్ట్రాల్లో, 2011కి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో చేరింది. అంటే ఇవాళ పాతికేళ్ళు దాటిన కోనసీమ మనిషికి, సొంత డబ్బుతో వేయించుకుంటే తప్ప, ఆ టీకా లేదు. లివర్ కేన్సరు వచ్చే వయసు వాళ్ళంతా ఆ గుంపులోనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2022 నాటికి దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు 2 కోట్ల 98 లక్షలు.

ఆపరేషన్ తరవాత మళ్ళీ రాకుండా మందులున్నాయా అంటే, చాలా ప్రయత్నించారు. సొరాఫెనిబ్ బిళ్ళని 1,114 మంది మీద పరీక్షించి 2015లో పనిచెయ్యలేదని తేల్చారు. 2023లో రోగనిరోధక శక్తిని లేపే అటెజోలిజుమాబ్‌ని బెవాసిజుమాబ్‌తో కలిపి ఇస్తే తిరగబెట్టడం తగ్గుతోందని సంబరపడ్డారు. 2024లో ఇంకొన్నాళ్ళ లెక్క చూసేసరికి ఆ తేడా నిలవలేదు. కొద్దో గొప్పో గట్టిగా నిలిచింది ఏమిటంటే నేలని బాగుచెయ్యడం. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మందులు ఆపరేషన్ తరవాత వాడితే మళ్ళీ రావడం తగ్గుతుంది, బతుకు పెరుగుతుంది. వైరస్‌ని తుడిచెయ్యలేవు, కణం లోపల దాని మూలప్రతి ఉండిపోతుంది, కానీ అచ్చువెయ్యకుండా ఆపుతాయి. రోజుకో బిళ్ళ. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు.

మిగతాది కాపలా. ఆపరేషన్ అయినవాళ్ళకి మొదటి రెండేళ్ళూ మూడు నాలుగు నెలలకోసారి స్కానింగు, ఆల్ఫా ఫీటోప్రొటీన్ అనే రక్తపరీక్ష. మా చిన్న మావయ్యల్లాగా వైరస్ ఉండి గడ్డ లేనివాళ్ళలో సిరోసిస్ ఉన్నవాళ్ళూ, నలభై దాటిన మగవాళ్ళూ, యాభై దాటిన ఆడవాళ్ళూ ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. 2002లో ఎదుర్లంక దగ్గర యానాం వంతెన రాకముందు అంటే, కాకినాడ పెద్దాస్పత్రికి పోవాలంటే పంటు ఎక్కాలి, లేదంటే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. ఒక రోజు కూలి పోయేది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ అమలాపురంలో అవుతుంది, కొత్తపేటలోనూ అవుతుంది, పావుగంట పని. మెడికల్ టెస్టులో అన్‌ఫిట్ అని వచ్చిన కాగితం మీ ఇంట్లో బీరువాలో ఉంటే, వెళ్ళేటప్పుడు దాన్ని పట్టుకెళ్ళి చూపించండి.